పియానో పొట్టలో పక్షులు

పాత పియానో ముందు పలకను ఊడదీస్తే మొదట కంటపడేవి సుత్తులు. ఒకదాని పక్కన ఒకటి, మొత్తం 88. ఒక్కోదానికి పెన్సిలు కంటే సన్నని కర్ర కాడ, దాని కొసన దట్టంగా అదిమిన ఉన్నితో చేసిన నున్నటి తల. అందులో ఒకదాన్ని బయటికి తీసి, తలకు అటూ ఇటూ చెరో నల్లపూస అతికించి, ముందు చిన్న చెక్కముక్కను ముక్కుగా పెడితే సుత్తి కాస్తా పిట్ట అయిపోతుంది.

మూలపడ్డ వాయిద్యాల భాగాలతో ఇలాంటి సరదా శిల్పాలు చేసేవాళ్లు ఐరోపాలో, అమెరికాలో చాలామందే ఉన్నారు. శాక్సొఫోన్ మీటలు తూనీగలవుతాయి, ట్రంపెట్ గొట్టాలు ఏనుగు తొండాలవుతాయి, వయొలిన్ మెడ కొసన ఉండే చుట్ట నత్తగుల్ల అవుతుంది. కారు ఇంజను ముక్కలతోనూ బొమ్మలు చేయొచ్చు. వాటికి ప్రాణం పోయడానికి మాత్రం శిల్పి చాలా కష్టపడాలి. వాయిద్యం ముక్కలకు అంత కష్టం అక్కర్లేదు. అవి మొదటినుంచీ మనిషి వేలికీ, అరచేతికీ, ఊపిరికీ కొలిచి చేసినవి. పైగా కదలడానికే పుట్టినవి. తాకితే లేస్తాయి, వదిలితే వాలతాయి. ఆ కదలికను పోనివ్వకుండా కాపాడుకున్న శిల్పమే ఈ కళలో నిలబడుతుంది. కదలిక పోగొట్టి జిగురుతో అంటించేసిన బొమ్మ ఎంత ముద్దుగా ఉన్నా అలంకారం దగ్గరే ఆగిపోతుంది.

ఇంతకీ ఇన్ని పియానోలు ఎక్కడినుంచి వస్తున్నాయి? 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లారెన్సులో బార్తొలొమియో క్రిస్టొఫొరి అనే పనివాడు తొలి పియానో చేశాడు. ఆయన చేతి పియానోల్లో మిగిలినవి మూడే. 1720 నాటిది న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. రాజుల కొలువులో మొదలైన ఆ వస్తువు రెండు వందల ఏళ్లు తిరిగేసరికి మధ్యతరగతి ఇళ్ల ముందుగదిలోకి వచ్చేసింది. 1909లో ఒక్క అమెరికాలోనే మూడున్నర లక్షలకు పైగా పియానోలు తయారయ్యాయి. ఆ తర్వాత గ్రామఫోను, రేడియో వచ్చి పాటను మీట తిప్పితే వినిపించేలా చేశాయి. ఆనాటి పియానోలకు ఇప్పుడు నూరేళ్లు దాటాయి. తీగలు చుట్టిన మేకులు బిగువుగా కూర్చునే చెక్క ఎండి పగిలితే ఇక శ్రుతి నిలవదు. బాగుచేయించాలంటే దాని వెలకు రెండు మూడింతలు పోయాలి, ఊరికే ఇస్తామన్నా మోసుకెళ్లేవాళ్లు దొరకరు. చివరికి చెత్తదిబ్బే గతి. శిల్పి చేతికి అది చేరేది ఈ దశలోనే.

చేరింది కదా అని సుత్తీ ఉలీ పట్టుకుని మీద పడితే ప్రాణం మీదికి వస్తుంది. పియానోలో దాదాపు 230 తీగలుంటాయి. ఒక్కో తీగ బిగువు సుమారు డెబ్భై, ఎనభై కిలోల బరువుతో సమానం. అన్నీ కలిపితే 16 నుంచి 20 టన్నులు. ఇంత లాగుడును మోసేది లోపలి పోత ఇనుప చట్రం. 1825లో బోస్టనుకు చెందిన ఆల్ఫియస్ బాబ్‌కాక్ ఒకే పోతగా పోసిన చట్రానికి పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు చెక్క చట్రాలు ఆ బిగువుకు వంగిపోయేవి. పోత ఇనుము అదుముడుకు గట్టిది, దెబ్బకు పెళుసు. ఒక పక్క తీగలన్నీ ఒకేసారి వదులు చేస్తే బరువు రెండో పక్కకు మళ్లి చట్రం పగలొచ్చు. బిగువు మీదున్న తీగను కత్తిరిస్తే అది కొరడాలా లేచి కంటిని కొడుతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు ముందు కళ్లద్దాలు పెట్టుకుంటారు. ఆ తర్వాత ఈ చివరినుంచి ఆ చివరిదాకా ప్రతి మేకునూ కొద్దికొద్దిగా వదులుచేసి, మళ్లీ మొదటికొచ్చి అలాగే ఇంకో విడత సాగిస్తారు. తీగలన్నీ వేలాడే దాకా కత్తెర ముట్టుకోరు.

ఇంత శ్రమకు దక్కే ఫలం ఏమిటో ఒక బొమ్మ దగ్గర చూద్దాం. పియానోలోంచి ఒక్క స్వరానికి సంబంధించిన భాగాలను, అంటే ఒక మీట, దాని వెనక లంకెలు, ఒక సుత్తి, ఉన్నదున్నట్టు తీసి పలక మీద బిగించారనుకుందాం. సుత్తి తలకు ఎర్రరంగు వేసి వడ్రంగిపిట్టను చేశారు. ఎదురుగా చిన్న చెట్టుమాను, దానికి తగిలించిన గంట. మీట మీద వేలు 10 మిల్లీమీటర్లు దిగితే సుత్తి తల సుమారు 45 మిల్లీమీటర్లు ముందుకు పోతుంది. వేలు కదిలిన వేగం పిట్ట దగ్గరికి వచ్చేసరికి సుమారు నాలుగున్నర రెట్లవుతుంది. చిన్నపిల్ల మెల్లగా నొక్కినా పిట్ట చురుగ్గా ముందుకు దూకడానికి కారణం ఇదే.

అసలు చమత్కారం ఆ తర్వాత ఉంది. మీటను అలాగే నొక్కిపట్టినా పిట్ట గంటకు అతుక్కుపోదు. ఒక్క పోటు పొడిచి వెనక్కి వచ్చేస్తుంది. సుత్తి తీగను చేరే క్షణానికి కాస్త ముందే దాన్ని నెట్టే కర్ర పక్కకు తప్పుకుంటుంది. చివరి రెండు మూడు మిల్లీమీటర్లు సుత్తి తన వేగంతో తానే పోతుంది, కొట్టి తిరిగొస్తుంది. ఈ తప్పుకునే ఏర్పాటే క్రిస్టొఫొరి సాధించిన గొప్ప పని. అది లేకపోతే సుత్తి తీగ మీదే కూర్చుని మోతను అక్కడికక్కడ నొక్కేసేది. మూడు వందల ఏళ్ల కిందటి ఆ ఆలోచన మొత్తం ఒక వడ్రంగిపిట్ట ముక్కులో కనిపిస్తుంది. పిల్లలకు మీటపరికరాల పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి బొమ్మ దొరకదు.

గాలివాయిద్యాల దగ్గర కథ ఇంకో రకం. బెల్జియంలో పుట్టిన అడాల్ఫ్ సాక్స్ 1846లో పారిస్‌లో శాక్సొఫోనుకు పేటెంటు పొందాడు. మనిషికి ఉన్నవి పది వేళ్లు. శాక్సొఫోను మీద మూయాల్సిన రంధ్రాలు ఇరవైకి పైనే, కొన్ని వేళ్లకు అందనంత దూరంలో, వేలితో మూయలేనంత పెద్దవిగా ఉంటాయి. ఆ దూరాన్ని దాటడానికే పొడవాటి కడ్డీలు, వంపు చేతులు, మూతల్లాంటి గిన్నెలు, ముత్యపుచిప్ప పొదిగిన గుండ్రటి మీటలు వచ్చాయి. విడదీసి బల్ల మీద పరిస్తే కాళ్లు, మోచేతులు, పాదాలు, కళ్లు కుప్పగా పోసినట్టే ఉంటుంది. నోటికి దగ్గరగా ఉండే వంపు గొట్టాన్ని నిలబెడితే కొంగ మెడ సిద్ధం. ముత్యపుచిప్ప మీటలు కళ్లకు సరిగ్గా సరిపోతాయి. పొడవాటి కడ్డీలు కాళ్లవుతాయి.

ఆ కడ్డీల పక్కన సూదంత సన్నని నీలిరంగు స్ప్రింగులు ఉంటాయి. ఉక్కును చల్లార్చి గట్టిపరిచి, మళ్లీ సుమారు మూడు వందల డిగ్రీల దాకా కాచినప్పుడు పైన పలచటి ఆక్సైడు పొర ఏర్పడుతుంది. వెలుతురు ఆ పొర మీద పడి నీలంగా కనిపిస్తుంది. రంగు చూసి ఉక్కు ఎంత వేడి తిన్నదో పనివాళ్లు చెప్పగలరు. ఆ వేడి దగ్గర ఉక్కు పెళుసుతనం పోయి, వంగి మళ్లీ యథాస్థితికి వచ్చే గుణం తెచ్చుకుంటుంది. విడదీసేటప్పుడు చాలామంది వీటిని విరిచేస్తారు. ఉంచితే మాత్రం కొంగ తల తట్టగానే వంగి, తిరిగి లేస్తుంది.

గిటారు చెవుల్లో ఇంకో రహస్యం ఉంది. తీగను బిగించే మరలో పురి తిరిగిన చిన్న ఇరుసు ఒక పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. చాలా గిటార్లలో మరను 14 చుట్లు తిప్పితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. మనం మరను తిప్పితే చక్రం కదులుతుంది గానీ, చక్రాన్ని పట్టుకుని ఎంత లాగినా మర కదలదు. తీగ ఎంత బిగువుగా ఉన్నా శ్రుతి జారిపోకుండా ఉండేది అందుకే. ఈ మరతో గుడ్లగూబ తల చేస్తే అది నిదానంగా తిరిగి, ఎక్కడ వదిలితే అక్కడే నిలిచి చూస్తుంది. వయొలిన్ మేకుకు ఈ ఏర్పాటు లేదు. కొసకు సన్నబడుతూ పోయే మేకు, దానికి తగిన రంధ్రం, ఆ రెంటి మధ్య రాపిడి, అంతే.

ఇక ఈ ముక్కల్లో మనకు కనిపించే ముఖాల సంగతి చూద్దాం. రెండు చుక్కలు, కింద ఒక గీత ఉంటే చాలు, మనిషి మెదడు ముఖాన్ని చూసేస్తుంది. 1976 జులైలో వైకింగ్-1 అంతరిక్ష నౌక పంపిన ఫొటోలో అంగారకుడి మీది ఒక కొండ మనిషి ముఖంలా కనిపించి లోకమంతా చెప్పుకుంది. మెదడు అడుగుభాగంలో ముఖాలకు ప్రత్యేకంగా స్పందించే ప్రాంతం ఒకటుందని 1997లో నాన్సీ కాన్విషర్ బృందం చూపించింది. 2009లో మరో పరిశోధక బృందం ముఖంలా కనిపించే వస్తువులను మనుషులకు చూపించి మెదడు అయస్కాంత సంకేతాలను కొలిచింది. వస్తువు కంటపడ్డ 165 మిల్లీసెకండ్లకే ఆ ప్రాంతం స్పందించింది. అసలు ముఖాలకు పట్టే సమయమూ దాదాపు అంతే. తీరిగ్గా ఆలోచించి ఊహించుకునే వ్యవధి కాదది. అంటే వయొలిన్ నడుమును చూసి నవ్వుముఖం అనుకునేది మన తీరిక మనసు కాదు, అంతకుముందే మెదడు ఆ పని ముగించేస్తుంది.

శిల్పులకు ఇది పరిశోధనలకు ముందే తెలుసు. పికాసో 1912లో అట్టముక్కలతో, 1914లో రేకుతో గిటార్లు చేశాడు. రెండూ న్యూయార్కులోని మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. గిటారు మధ్యలో ఉండే గుంటను ఆయన లోపలికి కాకుండా బయటికి పొడుచుకొచ్చిన గొట్టంగా చేశాడు. పశ్చిమ ఆఫ్రికాలోని గ్రెబో జాతి ముసుగుల్లో కళ్లు ఇలాగే గొట్టాలుగా ముందుకు వస్తాయి. అలాంటి ముసుగు పికాసో దగ్గర ఉండేది. గిటారు గుంటను ముఖంలోని కన్నుగా చూడడం అక్కడినుంచి వచ్చింది.

వయొలిన్ మీది రెండు వంపు చీలికలు కనుబొమల్లా కనిపిస్తాయి. వాటి ఆకారం అందం కోసం పుట్టింది కాదు. 2015లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు ఒక వయొలిన్ పనివాడితో కలిసి శతాబ్దాల నాటి వాయిద్యాలను కొలిచారు. చీలికగుండా లోపలి గాలి వెలుపలికి కొట్టుకునేటప్పుడు ప్రవాహం ఎక్కువగా అంచు వెంబడే సాగుతుందని, వైశాల్యం కంటే అంచు పొడవే ధ్వనిబలాన్ని నిర్ణయిస్తుందని తేల్చారు. గుండ్రటి రంధ్రం కొన్ని వందల ఏళ్లలో సన్నని, పొడవాటి వంపుగా మారింది. అమాటీ, స్ట్రాడివారి, గ్వార్నెరి కుటుంబాల పనివాళ్లు చేత్తో చెక్కుతూ, చెవితో వింటూ ఆ దారిలో నడిచారు. పగిలిన వయొలిన్ పైపలకను ముఖంగా మలిచే శిల్పి ఆ చీలికల జోలికి పోకుండా ఉంటేనే మంచిది.

ఇక లోహం. చెత్తతో శిల్పం అనగానే తెలుగువాళ్లకు తెనాలి గుర్తొస్తుంది. అక్కడి సూర్య శిల్పశాలలో నట్లు, బోల్టులు, పళ్ల చక్రాలు, గొలుసులు వెల్డింగు చేసి మనిషిని మించిన ఎత్తు విగ్రహాలు నిలబెడుతున్నారు. ఇనుప తుక్కుకు ఆ పద్ధతి చక్కగా పనికొస్తుంది. అదే చేత్తో ట్రంపెట్‌ను వెల్డింగు చేయబోతే పని చెడుతుంది, ఆరోగ్యమూ చెడుతుంది.

ట్రంపెట్, శాక్సొఫోన్ ఇత్తడివి. సాధారణంగా వంద పాళ్లలో 70 రాగి, 30 జింకు. రాగి 1085 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. జింకు 907 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరవుతుంది. ఈ పాళ్ల ఇత్తడి కరగడం మొదలయ్యేది 915 డిగ్రీల ప్రాంతంలో. అంటే ఇత్తడి కరిగే చోటికి చేరేసరికి అందులోని జింకు లేచిపోతూ ఉంటుంది. అది గాలిలో కలిసి తెల్లటి పొగవుతుంది. ఆ పొగ పీల్చినవాళ్లకు కొన్ని గంటల తర్వాత చలి, వణుకు, జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది కాబట్టి చాలామంది మామూలు జ్వరమే అనుకుంటారు. ఇత్తడి పోతపోసేవాళ్లను తరతరాలుగా పీడించిన జబ్బు ఇది.

అందుకే ఇత్తడికి టంకమే దారి. తగరం, సీసం కలిపిన మెత్తటి టంకం 190 డిగ్రీల లోపే కరుగుతుంది. వెండి కలిపిన గట్టి టంకానికి 600 డిగ్రీలు దాటాలి. కదలని భాగాలకు మెత్తటిది చాలు, బరువు మోసే కాళ్లకు గట్టిది కావాలి. ఒక్కటి గుర్తుంచుకోవాలి. చాలా ఇత్తడి వాయిద్యాల మీద పారదర్శకమైన వార్నీషు పూత ఉంటుంది. అది గీకేయనిదే టంకం అంటుకోదు, గీకకుండా కాల్చితే ఘాటైన పొగ వస్తుంది. వాయిద్యాన్ని పుట్టించిన పనివాళ్లు కూడా గొట్టాలను, ఆధారాలను మెత్తటి టంకంతోనే అతుకుతారు. కాబట్టి రంపంతో కోయాల్సిన పని లేదు. అతుకు దగ్గర సన్నటి మంట చూపితే ముక్క దానంతటదే చేతికి వస్తుంది.

క్లారినెట్ మీటలు తెల్లగా మెరుస్తాయి. అవి చాలావరకు జర్మన్ సిల్వర్. రాగి, నికెలు, జింకు కలిసిన ఆ మిశ్రమంలో వెండి రవ్వంత కూడా ఉండదు. మన ఊళ్ల బ్యాండు మేళాల క్లారినెట్లు కూడా ఇలాంటివే. పెళ్లి ఊరేగింపుల్లో ఏళ్ల తరబడి వాయించి, సొట్టలు పడి, రిపేరుకు లొంగని బ్యాండు వాయిద్యాలు పాత ఇత్తడి లెక్కన కిలోల్లో అమ్ముడుపోతుంటాయి. ఈ కళకు తెలుగునాట ముడిసరుకు లోటు లేదని చెప్పడానికి అదొక్కటి చాలు.

నోటికి దగ్గరగా ఉండే ట్రంపెట్ గొట్టం మీద ఒక్కోసారి గులాబీరంగు మచ్చలు కనిపిస్తాయి. నోటి తేమకు ఇత్తడిలోని జింకు కొద్దికొద్దిగా కరిగిపోయి, గుల్లబారిన రాగి మిగలడమే ఆ మచ్చ. వాయించేవాడికి అది చెడ్డ వార్త, గొట్టం చిల్లుపడుతుంది. శిల్పికి మాత్రం రంగు కొనకుండా దొరికిన బుగ్గ ఎరుపు. పచ్చటి చిలుమునూ కొందరు అలాగే ఉంచుతారు. మెరుపే కావాలంటే వంటింటి చింతపండు చాలు. అందులోని టార్టారిక్ ఆమ్లం రాగి ఆక్సైడును కరిగిస్తుంది. మెరిశాక బాగా కడిగి ఆరబెట్టకపోతే నాలుగు రోజుల్లో ముందుకంటే నల్లబడుతుంది.

అమ్మోనియా ఉన్న శుభ్రపరిచే ద్రావకాలు మాత్రం ఇత్తడి దగ్గరికి రానివ్వకూడదు. దీని వెనక మన దేశంలో జరిగిన కథ ఉంది. బ్రిటిషు సైన్యం ఇక్కడ తుపాకీ తూటాల ఇత్తడి గొట్టాలను వానాకాలంలో గుర్రపుశాలల్లో నిల్వ చేసేది. వానలు వెలిశాక తీసి చూస్తే, ఎవరూ ముట్టుకోకుండానే గొట్టాలు నిలువునా పగిలి ఉండేవి. గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమ్మోనియా, గాలిలోని తేమ, గొట్టాన్ని సాగదీసి చేసినప్పుడు లోహంలో దాగిపోయిన బిగువు, ఈ మూడూ కలిస్తేనే పగులు వస్తుందని 1921లో బ్రిటన్ పరిశోధకులు తేల్చారు. మూడింట్లో ఒకటి తప్పిస్తే పగలదు. ట్రంపెట్ గరాటును సుత్తితో కొట్టి కొత్త ఆకారంలోకి తెస్తే లోపల అలాంటి బిగువే మిగులుతుంది. కొట్టాక సుమారు 250 నుంచి 300 డిగ్రీల దాకా కాచి చల్లారిస్తే అది విడిపోతుంది. ఈ ఒక్క అడుగు వదిలేసినందుకు, ఏడాది తిరక్కుండానే చెవి చీలిన ఇత్తడి ఏనుగులు ఎన్నో ఉంటాయి.

చెక్కకు ఇన్ని జాగ్రత్తలు అక్కర్లేదు. వయొలిన్లను, పాత పియానోలను అతికింది జంతువుల తోలు ఉడికించి తీసిన వజ్రం అనే జిగురుతో. ఆ ప్రొటీను వేడికీ తేమకూ మెత్తబడుతుంది. పలచటి చాకును వేడినీళ్లలో ముంచి అతుకులోకి జొనిపితే నూరేళ్ల పలక చీలకుండా విడిపోతుంది. ధ్వనిపలకకు వాడేది స్ప్రూస్ అనే చలిదేశపు చెక్క. దాని నార వెంబడి శబ్దం సెకనుకు 5000 మీటర్లకు పైగా పరుగెడుతుంది, గాలిలో అది 340 మీటర్లే. తేలిక, గట్టితనం రెండూ ఉండటం వల్ల ఆ వేగం. నార పొడవునా వచ్చేలా రెక్కలు కోస్తే పలచగా ఉన్నా వంగవు. మిగిలిన ముక్కను కూడా పారేయనక్కర్లేదు. తాళం తిప్పితే పాడే చిన్న సంగీతపెట్టె యంత్రం చేతిలో ఉంటే దాని పాట చెవి దగ్గర పెట్టుకుంటే గానీ వినపడదు. దాన్నే ఆ పలక మీద ఆనిస్తే గదంతా వినిపిస్తుంది.

వాయిద్యాలను ఇలా మార్చిన పెద్ద కళాకారులు అందరూ ఆటగాళ్లు కారు. ఫ్రాన్సులో 1928లో పుట్టిన ఆర్మాన్ తండ్రి పాతవస్తువుల వ్యాపారి, చెల్లో వాయించేవాడు. కొడుకు వయొలిన్లను నిలువునా కోశాడు, పగలగొట్టాడు, కాల్చాడు. 1962లో ఒక పియానోను బద్దలుకొట్టి, ముక్కలను పడినచోటే పలకకు బిగించి ‘షోపాన్ వాటర్లూ’ అని పేరు పెట్టాడు. బ్రిటన్ శిల్పి కార్నీలియా పార్కర్ యాభైకి పైగా బ్యాండు వాయిద్యాలను లండన్ టవర్ బ్రిడ్జిని ఎత్తే నీటిపీడన యంత్రంతో అప్పడాల్లా నొక్కించి, 2001లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వేలాడదీసింది. వాటిలో ఇక గాలి పోదు, పాట రాదు. చూడ్డానికి అద్భుతంగానే ఉంటాయి. కానీ వాయిద్యం చచ్చిపోయిందని చెప్పడం తేలిక, దాన్ని ఇంకో రకంగా బతికించడం కష్టం. ఆ కష్టపడ్డవాళ్ల పనే ఎక్కువ విలువైనది.

అలాంటివాళ్లలో ముందు చెప్పాల్సింది స్విట్జర్లాండుకు చెందిన జాన్ టింగ్లీ గురించి. 1960 మార్చి 17న న్యూయార్కు మోడర్న్ ఆర్ట్ మ్యూజియం తోటలో ఆయన ఒక యంత్రాన్ని నిలబెట్టాడు. సైకిలు చక్రాలు, స్నానాల తొట్టి, మోటార్లు, మధ్యలో ఒక పాత పియానో. పియానో తనంతట తానే మోగుతూ, అంటుకుని, యంత్రమంతా 27 నిమిషాల్లో కూలిపోయింది. అగ్నిమాపక సిబ్బంది వచ్చి ఆర్పాల్సి వచ్చింది. తర్వాత 1978 నుంచి ఆయన చేసిన ‘మెటా హార్మొనీ’ యంత్రాల్లో కోపం తగ్గి ఆట పెరిగింది. నిలువెత్తు ఇనుప చట్రాలు, రంగురంగుల చక్రాలు, బెల్టులు, వాటి మధ్య డ్రమ్ములు, తాళాలు, పియానోలు. చక్రాలు తిరిగేకొద్దీ అక్కడక్కడా చేతులు లేచి వాయిద్యాలను తడుతుంటాయి.

ఆ సంగీతం ఎప్పుడూ ఒకేలా ఎందుకు వినిపించదో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక చక్రం 7 సెకండ్లకోసారి డ్రమ్మును తడుతుందనుకోండి. రెండోది 11 సెకండ్లకోసారి గంటను, మూడోది 13 సెకండ్లకోసారి పియానోను తడుతుంది. మూడూ ఒక్కసారి కలిసి మోగాక, మళ్లీ అలా కలవడానికి 7, 11, 13ల గుణకారం అంటే 1001 సెకండ్లు పడుతుంది. దాదాపు పదిహేడు నిమిషాలు. చక్రాలు మూడు కాక ముప్పై అయితే, బెల్టు కాస్త జారితే, ఒకసారి విన్నది చూసేవాడి జన్మలో మళ్లీ వినిపించదు.

జర్మనీలో 1951లో పుట్టి అమెరికాలోని సియాటిల్‌లో స్థిరపడ్డ ట్రింపిన్ దారి ఇంకో రకం. చిన్నప్పుడు ఇత్తడి వాయిద్యాలు వాయించేవాడు. లోహం తగిలితే పెదవులకు ఎలర్జీ రావడంతో మానుకోవాల్సి వచ్చింది. పెదవి తగలకుండా వాయిద్యాన్ని ఎలా పలికించాలా అన్నదే ఆయన జీవితకాలపు పని అయింది. సియాటిల్‌లో 2000లో తెరిచిన సంగీత మ్యూజియంలో ఆయన ఐదు వందలకు పైగా వాయిద్యాలతో, ఎక్కువగా గిటార్లతో, పై అంతస్తుదాకా లేచే సుడిగాలి ఆకారాన్ని నిలబెట్టాడు. అందులో కొన్ని గిటార్లను కంప్యూటరు మీటుతుంది, అవి తమను తామే శ్రుతి చేసుకుంటాయి.

ఏ వాయిద్యాన్ని విప్పొచ్చు, దేన్ని విప్పకూడదు అన్నది ఈ కళలో అన్నిటికంటే బరువైన ప్రశ్న. పాతగా, మురికిగా కనిపించినంత మాత్రాన వాయిద్యం చచ్చినట్టు కాదు. మన బొబ్బిలి వీణనే చూడండి. గొల్లపల్లి పనివాళ్లు ఒకే పనసమానులోంచి కుండ, దండి చెక్కి, కొసన యాళి ముఖాన్ని మలుస్తారు. వీణ పుడుతూనే సగం శిల్పం. దాని 24 మెట్లు మైనపు ముద్ద మీద నిలుస్తాయి. ఎండలకు మైనం మెత్తబడి మెట్లు కదిలితే స్వరం తప్పుతుంది, తెలియనివాళ్లు వీణ పోయిందనుకుంటారు. మేళం కట్టేవాళ్ల చేతిలో పడితే మళ్లీ పలుకుతుంది. అలాంటి వీణను విప్పి బొమ్మ చేయడం నేరమే. బొమ్మే కావాలనుకునేవాళ్ల కోసం అదే బొబ్బిలిలో జ్ఞాపికలుగా ఇచ్చే చిట్టి వీణలు చేస్తున్నారు. కాబట్టి విప్పే ముందు మరమ్మతు తెలిసినవాళ్లకు ఒకసారి చూపించాలి. పాత పియానో అయితే మీటల మీద ఏనుగుదంతం ఉందేమో చూసుకోవాలి, దాని అమ్మకానికి చట్టాలు అడ్డుపడతాయి. మీటల చెక్కలో సీసపు బిళ్లలు కూడా పొదిగి ఉంటాయి, వాటిని తాకాక చేతులు కడుక్కోవాలి.

తెలుగు ఇంట్లో ఈ పని మొదలుపెట్టాలంటే పియానో కోసం వెతకనక్కర్లేదు. పద్యనాటకాల రోజులనుంచీ, భజన మందిరాల పుణ్యమా అనీ, ఎలుకలు బెల్లోస్ కొరికేసిన హార్మోనియం పెట్టె ఊరికొకటి దొరుకుతుంది. దాని గుండె ఇత్తడి రీడు. ఒక చివర బిగించి, రెండో చివర వదిలేసిన సన్నటి నాలుక అది. గాలి తగిలితే తన సందులోంచి లోపలికీ బయటికీ ఊగుతూ పలుకుతుంది. ఒక రీడును ఊడదీసి చిన్న తోలుతిత్తి మూతికి బిగించి, పైన చెక్కతో కప్ప తల పెడితే, నొక్కినప్పుడల్లా అది బెకబెకమంటుంది. గొంతు మార్చడమూ చేతిలో పనే. నాలుక కొసను ఆకురాయితో రవ్వంత గీస్తే అక్కడ బరువు తగ్గి ఊపు వేగం పెరుగుతుంది, స్వరం పైకి పోతుంది. మొదలు దగ్గర గీస్తే బిగువు తగ్గి కిందికి దిగుతుంది. గీసింది మళ్లీ రాదు కాబట్టి మొదట మైనంతో ప్రయత్నించడం మేలు. కొసన ఆవగింజంత మైనం అంటిస్తే పిల్లకప్ప గొంతు ముసలికప్పది అవుతుంది. మరీ ఎక్కువైతే రీడు మూగబోతుంది. అప్పుడు గోటితో కాస్త గీకేసి మళ్లీ నొక్కి చూడాలి.